దండం పెట్టని మొక్క

గ్రోత్ రూమ్‌లో రాత్రి మధ్యాహ్నం రెండింటికి మొదలవుతుంది. బయట కడియం రోడ్డు మీద తారు కరుగుతూ ఉంటుంది, లోపల టక్కున దీపాలారిపోతాయి. నాలుగు గోడల మధ్య పెరిగే మొక్కకి పగలైనా రాత్రయినా మనం ఇచ్చిందే కదా, ఎప్పుడిస్తే ఏం అని పెద్దవాళ్ళెవరో అలా ఖాయం చేశారు. మొక్కలు నోరెత్తవు కాబట్టి సరిపోయింది.

ఆ దొంగ రాత్రిలో నూకరత్నం చిన్న ఆకుపచ్చ టార్చి పట్టుకుని అరల మధ్య నిలబడి ఉంది. ఆకుపచ్చ వెలుగు మొక్కకి ఆనదు, దాని మటుకు అది చీకటే. అటూ ఇటూ ట్రేలలో నలభై వేల దండం మొక్కలు, ఒక్కోటీ జానెడు కూడా లేదు. దీపాలారి అరగంటయింది. ఆవిడకి మోకాళ్ళు సలుపుతున్నాయి. పొద్దున ఎనిమిదింటికి నిలబడ్డ మనిషి, మధ్యలో కూర్చున్నది అన్నం తిన్నంతసేపే.

ఒక్క ఆకూ లేవలేదు.

టార్చి ఆర్పి, కాసేపాగి మళ్ళీ వేసింది. పై అర చూసింది, కింది అర వంగి చూసింది. నలభై వేలూ పట్టపగల్లాగే ఆకులు వెడల్పుగా పరుచుకుని ఉన్నాయి.

"ఏంటమ్మా మీకు, నిద్దర రాదా?" అంది మెల్లిగా, ఎవరూ లేరు కదా అని.

దండం మొక్క గురించి రెండు ముక్కలు చెప్పకపోతే ఆవిడ గాభరా మీకు అర్థం కాదు. ఇది పువ్వు కోసం పెంచే మొక్క కాదు. ఆకే దాని అందం. పైన పచ్చటి ఆకు మీద ఎవరో తీరిగ్గా గీసినట్టు తెల్లచారలుంటాయి, కింద వంకాయ రంగు. పొద్దు వాలేసరికి ఆకులన్నీ మెల్లిగా పైకి లేచి, ఒకదానికొకటి ఆనుకుని, చేతులు జోడించినట్టు నిలబడతాయి. తెల్లారితే మళ్ళీ పరుచుకుంటాయి. దాని అసలు పేరు పరిశోధన చేసే డాక్టర్లకి తెలుసు. లాబ్‌లో పనిచేసే ఆడవాళ్ళకి మాత్రం అది దండం మొక్క, అంతే.

ఈ మొక్కని గింజతో పెంచరు. తల్లి మొక్క నుంచి మినపగింజంత ముక్క కోసి, సీసాలో పంచదార, ఉప్పులు, హార్మోన్ కలిపిన జావ మీద పెడతారు. ఆ ముక్కే నాలుగు పిలకలు వేస్తుంది. వాటిని విడదీసి మళ్ళీ నాలుగు సీసాల్లో పెడతారు. ఇలా విడదీసిన ప్రతిసారీ దాన్ని ఒక కాన్పు అంటారు ఇక్కడి ఆడవాళ్ళు. టిష్యూ కల్చర్ అంటే ఇంతే, ఇందులో మాయలేం లేవు. ఒక్క తల్లికి లక్ష పిల్లలు, లక్షా తల్లి పోలికే.

లక్షా అన్నాను గానీ, అక్కడే ఉంది తిరకాసు. హార్మోన్ తరుముతుంటే కణం తనని తాను తిరగరాసుకుంటూ పోతుంది. అన్నిసార్లు రాసే చేతికి ఎక్కడో ఒకచోట అక్షరం జారుతుంది. ఎనిమిది కాన్పులు దాటితే మరీ జారుతుంది. అప్పుడు ఒక పిల్ల పొట్టిగా వస్తుంది, ఒకదానికి చారలుండవు, ఇంకోటి అన్నీ ఉండి ఎందుకో తేలిపోతుంది. వాటిని తేడా పిల్లలంటారు. తేడాలను ఏరి అవతల పడెయ్యడమే నూకరత్నం ఇరవయ్యారేళ్ళుగా చేసిన పని. సీసాని వెలుగుకి ఎత్తి ఒక్క చూపు చూసేది, ఇటో అటో పెట్టేసేది. నూకరత్నం చూపు దాటి ఒక్క తేడా కూడా గేటు బయటికి పోలేదని చుట్టుపక్కల నర్సరీల వాళ్ళు చెప్పుకునేవాళ్ళు. ఆవిడకి చదువు పెద్దగా లేదు, ఆస్తి అసలే లేదు. ఉన్నదల్లా ఆ పేరే.

ఏడాది కిందట 'సరిచూపు' వచ్చింది. బీరువా అంత యంత్రం. సీసా మూత తియ్యకుండానే గాజులోంచి ఆకు మీదకి ఒక కిరణం పంపుతుంది, తిరిగొచ్చిన వెలుగుని బట్టి ఆ మొక్క లోపలి రాత మొత్తం చదివేస్తుంది. తల్లి మొక్క రాత ముందే దాని జ్ఞాపకంలో పెట్టి ఉంటుంది కాబట్టి, రెండూ అక్షరం అక్షరం పోల్చి, కలిస్తే పచ్చ దీపం, కలవకపోతే ఎర్ర దీపం. మూడంటే మూడు సెకన్లు. ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్ళు చూసే పని అది ఒక్కటే చూస్తుంటే, ఆరుగురు మిగిలారు. నూకరత్నాన్ని ఉంచారు గానీ చూసే పని తీసేశారు. ఇప్పుడావిడ పని, సీసాలని స్పిరిట్ దూదితో తుడిచి యంత్రానికి అందించడం. ఇవాళ కూడా ట్రాలీ ఇరుక్కుపోయిందని తొయ్యడానికి గ్రోత్ రూమ్‌లోకి వచ్చింది, ఈలోగా దీపాలారాయి. లేకపోతే చీకట్లో మొక్కలు ఏం చేస్తున్నాయో చూసే అవసరం ఏడాదిగా ఎవరికీ పడలేదు.

ట్రాలీ అక్కడే వదిలేసి డాక్టర్ శశిరేఖ గదికి వెళ్ళింది.

శశిరేఖకి నలభై ఏళ్ళుంటాయి. సరిచూపు ఆవిడ తయారుచేసిందే. మంచి మనిషి, ఎవరినీ కసరదు. కాకపోతే ఎప్పుడు చూసినా రెండు రోజులుగా పడుకోని మొహంతో ఉంటుంది.

"రండి రత్నంగారూ. కూర్చోండి."

"కూర్చుంటే లేవలేనండి. మేడమ్, ఈ నవతీరం సరుకు దండం పెట్టట్లేదండి. అరగంట నిలబడి చూశాను. ఒక్కటీ లెగలేదు."

నవతీరం అంటే సముద్రం ఒడ్డున కొత్తగా లేచిన నగరం, అంతా గాజు మేడలే. అక్కడ ప్రతి ఆఫీసులోనూ గోడ గోడంతా దండం మొక్కలే ఉండాలని, అన్నీ ఒక్క అచ్చులో ఉండాలని ఆర్డరు. మూడు లక్షలు వెళ్ళిపోయాయి, ఇంకో నాలుగు లక్షలు వెళ్ళాలి.

శశిరేఖ కంప్యూటర్ తనవైపు తిప్పుకుంది. "అన్నీ పచ్చ దీపమేనండీ. ఒక్క ఎర్రది కూడా లేదు. ఇంత శుభ్రంగా ఎప్పుడూ రాలేదు."

"అదేనండి నా బాధ కూడా. ఇంత శుభ్రంగా ఎప్పుడూ రాదు."

"యంత్రం పొరపడిందంటారా?"

"యంత్రాన్ని నేనేమంటానండి. అది దేనితో పోల్చి చూస్తదండి?"

"తల్లితో."

"మరి తల్లే తేడా అయితే?"

శశిరేఖ నవ్వబోయి ఆగింది. "తల్లి తేడా ఎలా అవుతుంది రత్నంగారూ? తల్లితో కలవకపోవడాన్నే కదా తేడా అంటున్నాం. తల్లిని దేనితో పోల్చాలి?"

ఆ ప్రశ్నకి జవాబు నూకరత్నం దగ్గరుంది. అది నోటి దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. "ఆయ్, ట్రాలీ వదిలేసొచ్చానండి" అని బయటికొచ్చేసింది.

సీసాలు తుడిచే గదికి కిటికీ లేదు. దుమ్మూ ధూళీ పడకూడదని నాలుగు వైపులా మూసేశారు. ఫోన్లు గుమ్మం బయటే పెట్టాలి. పూర్వం ఒక గడియారం ఉండేది, అందరూ దానివంకే చూస్తున్నారని దాన్నీ పీకేశారు. అయినా ఆడవాళ్ళకి పొద్దు తెలియకుండా చెయ్యడం ఎవరి తరం. గాజు తలుపు పక్కన స్టూలు మీద ఒక కుండీ ఉంది, అందులో ముదురు దండం మొక్క. ప్రతి ఆదివారం వాచ్‌మన్ దాన్ని బయట ఎండపొడలో పెడతాడు. ఆ ఒక్కరోజు చూసిన పొద్దుని అది వారమంతా గుర్తుపెట్టుకుంటుంది. మొక్క లోపల గడియారం ఉంటుందని డాక్టర్లు చెబుతారు, నిజమే కాబోలు. దీపాలు ఎంత దేదీప్యమానంగా వెలుగుతున్నా సరే, ఆరు కావస్తుంటే దాని ఆకులు లేస్తాయి. "దండం పెట్టేసింది, లెగండమ్మా" అని ఎవరో ఒకరు అంటారు. అందరూ టోపీలు తీసేస్తారు. మేనేజర్లు మారారు గానీ ఆ మాటకి అడ్డు చెప్పిన మేనేజరు లేడు.

నూకరత్నానికి ఆ మాట ప్రాణంతో సమానం. మొగుడు సూర్రావు మొక్కల వ్యాన్ తోలుతాడు. రోజూ ఏడింటికి లోడెత్తుకుని బయల్దేరితే తెల్లవారిన తర్వాతే రావడం, అప్పటికి ఈవిడ డ్యూటీలో ఉంటుంది. ఆరింటికి పనిలోంచి లేస్తే ఆరున్నరకి వేమగిరిలో ఇల్లు చేరుతుంది. ఆరున్నర నుంచి ఏడు దాకా ఇద్దరూ అరుగు మీద కూర్చుని టీ తాగుతారు. పెద్ద కబుర్లేమీ ఉండవు. వారంలో ఆరు రోజులు మొగుడూ పెళ్ళాలు ఒకరి మొహం ఒకరు చూసుకునేది ఆ అరగంటే.

ఏడాది కిందట జరిగిన పొరపాటు కూడా ఆ అరగంట కోసమే జరిగింది.

మర్నాడు సరిచూపుకి తల్లిని చూపించాల్సి ఉంది. సీసాల మూతల మీద మార్కరుతో గుర్తులు రాయడం ఈ లాబ్ అలవాటు. తల్లికి 'త', తేడాకి 'తే'. తేడాలన్నీ పారేసినా, కొత్తరకం తేడా వస్తే డాక్టరుగారికి చూపించడానికి ఒక సీసా దాచుతారు. అలా పదకొండో కాన్పులో వచ్చిన ఒక తేడా పిల్ల 'తే' గుర్తుతో ఒక మూల ఉంది. తల్లి సీసాలూ ఆ అరలోనే ఉన్నాయి. నూకరత్నం ఆ రోజు రెండు షిఫ్టుల పని ఒక్క షిఫ్టులో చేసింది. ఒక్కో సీసా తీసి స్పిరిట్‌తో తుడుస్తోంది. స్పిరిట్ తగిలితే మార్కరు సిరా కరుగుతుంది, జాగ్రత్తగా తుడవాలి. ఒక సీసా మూత మీద అక్షరం పైభాగం చెరిగిపోయింది. కింద త ఆకారం ఉంది, పైన తలకట్టో ఏత్వమో తెలియని మరక ఉంది.

రూలు ప్రకారం సీసా పక్కన పెట్టి, పుస్తకం తెప్పించి, అర మొత్తం మళ్ళీ సరిచూడాలి. రెండు గంటల పని. తలెత్తి చూస్తే కుండీలో ఆకులు లేస్తున్నాయి. దండం పెట్టేసింది, లెగండమ్మా అని పక్క బల్ల దగ్గరున్న సునంద అననే అంది. నూకరత్నం సీసా వెలుగుకి ఎత్తింది. కళ్ళు మసకలుగా ఉన్నాయి, అలసట. బాగానే ఉందనిపించింది. మార్కరు తీసి, చెరిగిన చోట చక్కగా తలకట్టు పెట్టేసింది. మర్నాడు ఆ సీసానే తల్లి అని యంత్రం ముందు పెట్టారు, ఆ తర్వాత కాన్పులన్నీ దాన్నుంచే.

ఆ తర్వాత వారమంతా సరిచూపు పాత సీసాలన్నిటికీ ఎర్ర దీపం వేసింది. రెండు వేల సీసాలు. "కొత్త కదక్కా, చాదస్తం ఎక్కువ" అంది సునంద. అందరూ నవ్వారు. నూకరత్నం కూడా నవ్వింది. ఆ రెండు వేల సీసాలనీ తన చేతులతోనే ఆటోక్లేవ్‌లో, అదే ఆవిరితో ఉడికించే ఇనప డబ్బాలో వేసింది. అవే అసలు పిల్లలని ఇప్పుడు తెలుస్తోంది.

శశిరేఖతో మాట్లాడొచ్చిన ఆ సాయంత్రం అరుగు మీద టీ చల్లారిపోయింది.

"ఏంటలా ఉన్నావ్?" అన్నాడు సూర్రావు.

చెప్పింది. మొత్తం చెప్పింది. సూర్రావు గ్లాసు కింద పెట్టాడు.

"నువ్వు చెప్పకపోతే ఎవరికన్నా తెలుస్తదా?"

"తెలవదు. యంత్రం సరే అంటంది కదా."

"మరింకేటి?"

"నాకు తెలుసు కదయ్యా. రేపు ఆ ఊళ్ళో ఎవరన్నా సాయంత్రం పూట గోడ వంక చూసి, ఇవేంటి లెగవేంటి అంటే, కడియం సరుకు తేడా అంటారు. నా చూపు దాటి పోయిందంటారు. పోయింది కూడా. చూపు కాదు, చెయ్యి."

"పనిలోంచి తీసేస్తారేమో."

"తీసేస్తే ఇంట్లో ఉంటాను. నీ మొహం చూస్తా కూచుంటాను."

సూర్రావు నవ్వలేదు. ఏడవుతోంది, లేచి వ్యాన్ తాళాలు తీసుకున్నాడు. ఆ రోజు లోడు నవతీరానికే.

మర్నాడు నూకరత్నం టోపీ పెట్టుకోకుండానే శశిరేఖ గదికి వెళ్ళింది. ఈసారి కూర్చుంది.

"ఆ తలకట్టు నేనే పెట్టానండి" అంది.

శశిరేఖకి మొదట అర్థం కాలేదు. అంతా విన్నాక కూడా కసరలేదు. కసిరితే బాగుండునని నూకరత్నానికి అనిపించింది.

"ఎందుకు రాశారండీ? పక్కన పెట్టి ఉండొచ్చు కదా."

"ఇంటికెళ్ళిపోదామనండి. అలిసిపోయానండి."

శశిరేఖ కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకుంది. "ఆ రోజు కాయితం మీద సంతకం నాది. సీసా చూసి సంతకం పెట్టాలి. నేనూ చూడలేదు. నాకూ ఇంటికెళ్ళాలనే ఉంది." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "అసలు తల్లి వంశం మన దగ్గర ఎక్కడైనా మిగిలిందా?" అంది.

"కుండీలోదుందండి. తలుపు దగ్గరది. అది పన్నెండేళ్ళ నాటిది, నేనే నాటాను."

కుండీ తెచ్చి సరిచూపు ముందు పెట్టారు. మూడు సెకన్లు. ఎర్ర దీపం వెలిగింది. గదిలో మిగతా ఐదుగురు ఆడవాళ్ళూ పని ఆపి చూస్తున్నారు. ఎర్ర దీపం కింద ఆ ముదురు మొక్క నిమ్మళంగా ఉంది. రెండు రాతలూ పక్కపక్కన పెట్టి శశిరేఖ తెర మీద వేలితో చూపించింది. కోట్ల అక్షరాల్లో తేడా ఒక్కచోటే. ఆకుని లేపే కీలు ఉంటుంది కదా, ఆకు కాడ కొసన ఉబ్బెత్తుగా, దాన్ని నడిపే గడియారంలో ఒకే ఒక్క అక్షరం జారింది.

"మీ చూపు కరెక్టేనండీ" అంది శశిరేఖ. "నేను పై వాళ్ళకి చెప్పాలి."

"చెప్పండి. నా పేరే చెప్పండి."

ఆ పూట నూకరత్నం తన డబ్బాలో ఉన్న పాత దువ్వెన, అగరొత్తుల పెట్టె, అదనపు చీర సంచిలో సర్దుకుంది. సునంద వెనకాలే తిరుగుతోంది.

"అక్కా, ఏడు లక్షలూ ఉడకబెట్టేస్తారా?"

"మరేం చేస్తారే. తేడా అని తేలితే గేటు దాటకూడదు కదా. ఆ రూలు ఎవరు పెట్టారనుకున్నావ్? నేనే పట్టుబట్టి పెట్టించాను."

మూడింటికి జీఎం ప్రభంజన్ వచ్చాడు. కంపెనీ మొత్తం ఆయన చేతి మీద నడుస్తుంది. ఆయన ముక్కు మీద కోపంతో వస్తాడనుకుంటే మామూలుగా వచ్చాడు, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయనా అలిసిపోయే ఉన్నాడు, టై వదులు చేసి ఉంది.

"రత్నంగారూ, మీరు చెప్పింది విన్నాను. నిజాయితీగా చెప్పారు, సంతోషం. పొద్దున నవతీరం వాళ్ళకి ఫోన్ చేశాను, సరుకు వెనక్కి తీసుకుంటామని చెబుదామని. చెప్పనివ్వలేదు వాళ్ళు."

"కోప్పడ్డారాండి?"

"కాదండీ. ఇంకో పది లక్షలు కావాలన్నారు."

శశిరేఖ తలెత్తింది.

"కిందటేడు మనం పంపిన పాత మొక్కలు కొన్ని ఆఫీసుల్లో ఉన్నాయి కదా" అన్నాడు ప్రభంజన్. "అక్కడ ఆరింటికి ఆకులు లేస్తున్నాయట. ఆకులతో పాటు మనుషులూ లేస్తున్నారట. ఎవరూ చెప్పక్కర్లేదు, గోడ వంక చూడటం, సంచి సర్దుకోవడం. కొత్తవి పెట్టిన ఆఫీసుల్లో ఎవరూ లేవట్లేదు. ఎనిమిదైనా పొద్దు పోయినట్టే అనిపించట్లేదంటున్నారట. పని పెరిగిందని తెగ సంబరపడుతున్నారు. పాతవన్నీ పీకేసి వీటినే పెట్టమన్నారు."

"కానీ సార్, ఇది తేడా" అంది శశిరేఖ.

"తేడా అంటే ఏంటి డాక్టరుగారూ? అందరూ ఒకలా ఉండి ఒకటి వేరేలా ఉంటే ఆ ఒకటీ తేడా. ఇప్పుడు ఏడు లక్షలు ఒకలా ఉన్నాయి. మన దగ్గర వేరేలా ఉన్నది ఆ కుండీలోది ఒక్కటే. యంత్రం కూడా అదే చెప్పింది కదా, మీ యంత్రమే."

నూకరత్నం సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఉద్యోగం పోలేదని అర్థమైంది. సంతోషించాలి కాబోలు.

"పేరు కూడా పెట్టేశాం, నిత్యోదయ అని" అన్నాడు ప్రభంజన్ లేస్తూ. "కనిపెట్టినవాళ్ళ పేరు రాయాల్సి వస్తే మీ పేరే రాయిస్తాను. మరొకటి. పాత వంశం ఇక్కడ ఉండకూడదు. పొరపాటున కలిసిందంటే అంతా మొదటికొస్తుంది. ఆ కుండీ సంగతి చూడండి."

"ఇంటికి పట్టుకుపోతానండి" అంది నూకరత్నం. అడుగుతూనే జవాబు ఆవిడకి తెలిసిపోయింది.

"ఎర్ర దీపం పడింది గేటు దాటకూడదు కదండీ. మీరు పెట్టించిన రూలేనట."

ఆయన వెళ్ళాక శశిరేఖ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"నేను వేరే ఎవరికైనా చెబుతాన్లెండి, ఆటోక్లేవ్‌లో పెట్టడానికి" అంది శశిరేఖ.

"వద్దండి. నేను నాటాను, నేనే పెడతాను. ఒక్క సాయం చెయ్యండి. సాయంత్రం దాకా ఆగనివ్వండి. దండం పెట్టనివ్వండి."

కుండీని మళ్ళీ స్టూలు మీద పెట్టారు. ఆడవాళ్ళు సీసాలు తుడుస్తున్నారు గానీ ఎవరి ధ్యాసా పని మీద లేదు. శశిరేఖ కూడా వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. యంత్రం పచ్చ దీపాలు వేస్తూ పోతోంది. ఎంతసేపయిందో మరి, అడుగున ఉన్న పెద్దాకు కాస్త కదిలింది. తర్వాత పక్కది. ఒకటొకటిగా లేచి, వంకాయ రంగు కడుపులు బయటపెట్టి, కొసలు కలుపుకుని నిలబడ్డాయి. ఆ మొక్కకి ఏం తెలుసు, రోజూ చేసే పనే చేసింది.

"దండం పెట్టేసింది" అంది సునంద. లెగండమ్మా అనలేకపోయింది. అయినా అందరూ టోపీలు తీశారు.

నూకరత్నం కుండీ ఎత్తుకుని ఆటోక్లేవ్ దాకా నడిచింది. కుండీ పట్టదని మొక్కని వేళ్ళతో సహా పెళ్ళగించి, మట్టి దులిపి, ఉడికించే సంచిలో పెట్టింది. మూత బిగించి మీట నొక్కింది. ఏడుపు ఆపుకోవాలని కూడా అనిపించలేదు, గోడకి జారగిలబడి ఏడ్చింది. శశిరేఖ పక్కనే కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆ రోజు ఇంటికెళ్ళేసరికి సూర్రావు వ్యాన్ వెళ్ళిపోయింది. టీ గ్లాసు మీద పళ్ళెం మూత పెట్టి ఉంది.

స్టూలు ఖాళీగా ఉంటే బాగోలేదని వాచ్‌మన్ నిత్యోదయ మొక్కని కుండీలో పెట్టి అక్కడుంచాడు. నిగనిగలాడే మొక్క, చారల్లో ఒక్క వంకర లేదు. నూకరత్నం మార్కరు తీసుకుని కుండీ అంచు మీద 'తే' అని రాసింది. ఎవరూ ఏమనలేదు. శనివారం బల్లలూ స్టూలూ కుండీ అన్నీ స్పిరిట్‌తో తుడుస్తారు. తుడవగా తుడవగా ఏత్వం పోయింది, త మిగిలింది.

మూడు నెలలయింది. నవతీరం పది లక్షలు ఇరవై అయ్యాయి. షిఫ్టు పొడిగించమని ఎవరూ చెప్పలేదు, కాయితం మీద ఇప్పటికీ ఆరింటికే దిగిపోవచ్చు. మొదట్లో సునంద మాటిమాటికీ అడిగేది, ఆరయిందంటావా అక్కా అని. ఆరయింది లెగండి అని నూకరత్నం రెండు మూడుసార్లు తన అంచనా మీద లేపింది కూడా. ఒకసారి అయిదుకే లేపిందట, మర్నాడు సూపర్‌వైజర్ పేరుపేరునా పిలిచి మందలించాడు. ఆ తర్వాత ఎవరికీ ముందుగా లేవడానికి ధైర్యం చాల్లేదు.

అరుగు మీద టీ ఎప్పుడు తాగిందో నూకరత్నానికి గుర్తు లేదు. ఇంటికెళ్ళేసరికి రోజూ గ్లాసు మీద పళ్ళెమే ఉంటుంది. ఒక ఆదివారం సూర్రావు అన్నాడు, నవతీరంలో నడిరాత్రి లోడు దింపుతుంటే ఆ గాజు మేడల్లో మనుషులు కూర్చునే ఉన్నారని, ఇళ్ళ దగ్గర ఎదురుచూసేవాళ్ళు లేనట్టున్నారని.

ఇవాళ శశిరేఖ తన గదిలోంచి బయటికొచ్చింది. కళ్ళు గుంటలు పడ్డాయి, చేతిలో ఏవో కాయితాలు. ఆరుగురూ బల్లల ముందు నిలబడి ఉండటం చూసి గుమ్మంలో ఆగింది.

"ఇంకా ఉన్నారేంటండీ? టైమెంతయింది?"

ఎవరి దగ్గరా గడియారం లేదు. శశిరేఖ దగ్గరా లేదు, ఫోను గుమ్మం బయట ఉంది, వెనక్కెళ్ళి కంప్యూటర్‌లో చూడాలని తట్టలేదు. అందరికంటే ముందు ఆవిడే స్టూలు వంక చూసింది. ఆ మొక్క లోపలి రాత అక్షరం అక్షరం చదివిన మనిషి, అది ఎందుకు లేవదో చెప్పగల మనిషి, అలవాటు కొద్దీ దానివంకే చూసింది. ఆకులు వెడల్పుగా పరుచుకుని ఉన్నాయి.

"ఇంకా పొద్దు ఉన్నట్టుంది" అని మళ్ళీ గదిలోకి వెళ్ళిపోయింది.

నూకరత్నం ఆ మూసిన తలుపు వంక చూసింది. ఏదో అందామనుకుంది. నడుం పట్టేసింది, చేతులకి స్పిరిట్ వాసన. సునంద ఇంకో ట్రే జరిపింది. నూకరత్నం దూది తడుపుకుని, పై సీసా చేతిలోకి తీసుకుని, అక్షరం చెరగకుండా జాగ్రత్తగా తుడవడం మొదలుపెట్టింది.